రొటేషన్‌కు ముందు మూత్రపరీక్ష: పశువైద్య శిక్షణలో నేను వాడిన ఒక డ్రగ్ టెస్టింగ్ సేవపై సమీక్ష

తిరుపతి పశువైద్య కళాశాలలో బి.వి.ఎస్సీ. పూర్తిచేసిన నేను, విదేశీ పట్టభద్రులు అమెరికాలో లైసెన్సు పొందడానికి ఉన్న మార్గాల్లో ఒకటైన ‘పేవ్’ను ఎంచుకొని, 2023లో ఇక్కడి ఒక విశ్వవిద్యాలయ పశువైద్య ఆసుపత్రిలో ఏడాది క్లినికల్ శిక్షణకు చేరాను. మొదటి రొటేషన్‌కు, అంటే ఆసుపత్రిలోని ఒక్కో విభాగంలో వంతులవారీగా చేసే పనికి, మూడు వారాల ముందు కళాశాల పంపిన పత్రాల జాబితాలో రేబిస్ టీకా ధ్రువపత్రం, టీబీ పరీక్ష, ఆరోగ్య బీమాలతోపాటు పది రకాల మత్తుపదార్థాలకు మూత్రపరీక్ష కూడా ఉంది. ఆ పరీక్ష ఏ సంస్థ దగ్గర చేయించుకోవాలో కళాశాలే నిర్ణయించింది, రుసుము మాత్రం విద్యార్థే కట్టుకోవాలి. ఈ సమీక్ష ఆ సేవ గురించి. నేను చెప్పబోయే లోపాల్లో చాలావరకు ఈ తరహా సేవలన్నింటిలోనూ కనిపించేవే కాబట్టి సంస్థ పేరు, కళాశాల పేరు, రాష్ట్రం పేరు రాయడం లేదు. ఏటా మన రాష్ట్రాల నుంచి ఇటు వస్తున్న పశువైద్య పట్టభద్రులకు, ఇక్కడ డి.వి.ఎం. అనే పశువైద్య పట్టా కోసం చదువుతున్న తెలుగు పిల్లలకు, వారి తల్లిదండ్రులకు ఉపయోగపడాలన్నదే నా ఉద్దేశం.

అమెరికాలోని పశువైద్య కళాశాలలన్నీ ఈ పరీక్ష పెట్టవు. కొన్నిచోట్ల అనుమానం కలిగినప్పుడే చేయిస్తారు. కొన్నిచోట్ల కళాశాల అడగకపోయినా, విద్యార్థి ఎక్స్‌టర్న్‌షిప్ అనే బయటి శిక్షణకు వెళ్లే సంస్థ అడుగుతుంది. అడిగినచోట ఎక్కువగా చిక్కు తెచ్చేది గంజాయే. కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాల ఓటర్లు 2012లోనే పెద్దల వినియోగానికి అనుమతి ఇచ్చారు, 2014 జనవరిలో కొలరాడోలో దుకాణాలు తెరుచుకున్నాయి, ఆ తరువాత కాలిఫోర్నియా, మిషిగన్, ఇల్లినాయ్, న్యూయార్క్ వంటి రాష్ట్రాలూ అదే బాట పట్టాయి. అంటే పేరుమోసిన పశువైద్య కళాశాలలున్న ఎన్నో ఊళ్లలో 21 ఏళ్లు నిండిన విద్యార్థి గుర్తింపు కార్డు చూపించి గంజాయి కొనుక్కోవచ్చు. కానీ ఫెడరల్ ప్రభుత్వపు 1970 నాటి చట్టం దాన్ని అత్యంత కఠినమైన మొదటి షెడ్యూలులో పెట్టింది, ఫెడరల్ నిధులు తీసుకునే విద్యాసంస్థలు తమ ప్రాంగణాల్లో మాదకద్రవ్యాలను నిషేధించి తీరాలని 1989 నాటి మరో చట్టం చెబుతోంది. దుకాణం ముందు నిలబడిన విద్యార్థికి ఈ రెండో సంగతి ఎవరూ గుర్తు చేయరు.

ముందుగా సేవలోని మంచి చెప్పాలి, ఎందుకంటే అది తక్కువేమీ కాదు. నమూనా సేకరణ కేంద్రం మా ఆసుపత్రికి కారులో పావుగంట దూరం. రుసుము 52 డాలర్లు. లోపలికి వెళ్లగానే పాస్‌పోర్టు చూసి, కోటు, సంచి ఒక పెట్టెలో పెట్టించి తాళం నా చేతికే ఇచ్చారు; జేబులు ఖాళీ చేయించి, చేతులు కడుక్కోమన్నారు. మరుగుదొడ్డి తొట్టెలో నీలి రంగు కలిపి ఉంటుంది, లోపల కుళాయి పనిచేయదు. నమూనాలో నీళ్లు కలపకుండా ఈ ఏర్పాటు. పాత్ర తెచ్చి ఇచ్చిన నాలుగు నిమిషాల్లోపు దాని వేడిని పాత్రకు అతికించిన పట్టీ మీద చూస్తారు, అది 32 నుంచి 38 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. ఆ తరువాత నా కళ్ల ముందే నమూనాను రెండు సీసాల్లో పోసి, సీళ్లు వేసి, వాటి మీద నా పొడి అక్షరాలు రాయించి, చేతులు మారిన ప్రతిసారీ సంతకం పడే పత్రంతో సహా సంచిలో పెట్టి మూశారు. సేకరించిన ఆవిడ ప్రతి అడుగునూ ముందే చెప్పి చేసింది, ఎక్కడా నన్ను దొంగలా చూడలేదు. పోలీసు కేసుల కోసం పశుకళేబరాల నమూనాలు పంపేటప్పుడు మేము పాటించే క్రమానికి ఇది ఏమాత్రం తీసిపోదు.

ప్రయోగశాల పని కూడా పద్ధతి ప్రకారమే సాగుతుంది. మొదట ఇమ్యునో ఎస్సే అనే త్వరిత పరీక్ష చేస్తారు. గంజాయిలో మత్తు కలిగించే టీహెచ్‌సీ మన కాలేయంలో మారి ఏర్పడే కార్బాక్సీ టీహెచ్‌సీ అనే పదార్థం మిల్లీలీటరుకు 50 నానోగ్రాములు, అంతకు మించి ఉంటేనే రెండో దశకు పంపుతారు. రెండో దశలో మాస్ స్పెక్ట్రోమెట్రీతో అదే పదార్థాన్ని కచ్చితంగా గుర్తించి, 15 నానోగ్రాములు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటేనే పాజిటివ్ అంటారు. పక్కన ఎవరో పీల్చిన పొగ గాలికి తగిలినంత మాత్రాన ఈ హద్దు దాటడం మామూలుగా జరగదు. దాటినా నివేదిక నేరుగా కళాశాలకు వెళ్లదు. ముందు ఒక రివ్యూ డాక్టర్ విద్యార్థికి ఫోన్ చేసి, వైద్యపరమైన కారణం ఏదైనా ఉందా అని అడుగుతారు. నా నివేదిక రెండు రోజుల్లో నెగటివ్ అని వచ్చింది. ఇంతటితో ఆగిపోయి ఉంటే నేను ఈ సేవకు 5కు 5 ఇచ్చి ఉండేదాన్ని.

నా గదిలో ఉండే అమ్మాయి డి.వి.ఎం. చివరి ఏడాది విద్యార్థిని. కుటుంబంతో వలస వచ్చినది కాదు, గుంటూరు జిల్లా నుంచి తానే ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వచ్చి చదువుకుంటోంది. నన్ను అక్కా అని పిలుస్తుంది. రాత్రి ఎమర్జెన్సీ డ్యూటీల వల్ల పగలు పడుకోవలసి వచ్చి, నిద్రపట్టక, రెండు నెలలుగా ఊరిలోని ఒక ఆరోగ్య ఆహార దుకాణంలో కొన్న సీబీడీ (గంజాయి జాతి మొక్కలోనే ఉండే, మత్తు కలిగించని పదార్థం) గమ్మీలు, అంటే నమిలే మిఠాయిలు, పడుకునే ముందు ఒకటి చొప్పున తింటోంది. ఆమెకూ ఈ పరీక్ష వచ్చింది, ఇదే కేంద్రంలో ఇచ్చింది. ఆరో రోజు మధ్యాహ్నం రివ్యూ డాక్టర్ నుంచి ఫోన్ వచ్చింది. ఆ సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి వంటింట్లో నేల మీద కూర్చొని ఉంది.

“అక్కా, నేను గంజాయి ముట్టుకోలేదు. అది సీబీడీ అని డబ్బా మీదే రాసి ఉంది కదా.”

డబ్బా తెచ్చి చూశాం. ఒక్కో గమ్మీ 4 గ్రాములు, చట్టానికి లోబడి టీహెచ్‌సీ 0.3 శాతం లోపు అని రాసి ఉంది. 2018 నాటి వ్యవసాయ చట్టం ప్రకారం అప్పట్లో, పొడి బరువులో డెల్టా-9 టీహెచ్‌సీ 0.3 శాతం మించని మొక్క గంజాయి కాదు, హెంప్. ఆ శాతం మొక్కకు సరిపోయే లెక్క, కానీ మిఠాయి దగ్గరకు వచ్చేసరికి పెద్ద మోతాదు అవుతుంది. 4 గ్రాముల్లో 0.3 శాతం అంటే 12 మిల్లీగ్రాములు. కొలరాడో గంజాయి దుకాణాల్లో తినే పదార్థాలకు ఒక మోతాదుగా నిర్ణయించిన పరిమాణం 10 మిల్లీగ్రాములు. ఆమె గమ్మీలో నిజంగా ఎంత ఉందో మేము కొలవలేదు. కానీ ‘చట్టబద్ధం’ అన్న ముద్రతోనే ఒక పూర్తి మోతాదుకు మించిన గంజాయి రోజూ నోట్లోకి వెళ్లడానికి వీలుందని ఫార్మకాలజీ చదువుకున్న మా ఇద్దరికీ ఆ రోజు వరకు తట్టలేదు.

టీహెచ్‌సీ కొవ్వులో కరిగే పదార్థం. ఎప్పుడో ఒకసారి తీసుకున్నవారి మూత్రంలో మూడు నాలుగు రోజులు కనిపిస్తే, రోజూ తీసుకునేవారిలో కొవ్వు కణజాలంలో పేరుకుపోయి, మానేశాక కూడా నెమ్మదిగా విడుదలవుతూ నెల దాకా, కొందరిలో ఇంకా ఎక్కువ కాలం కనిపిస్తుంది. ఆమె నమూనాలోని పరిమాణం కటాఫ్‌ను, అంటే పైన చెప్పిన హద్దును, దాటింది. సీబీడీ వాడకం పాజిటివ్‌కు సమర్థనీయమైన వైద్య కారణం కాదని అమెరికా రవాణా శాఖ 2020లోనే తన పరిధిలోని పరీక్షలకు స్పష్టం చేసింది. ఈ సంస్థ కూడా అదే దారిలో నడుస్తుంది. రాష్ట్రం ఇచ్చే మెడికల్ మారిజువానా కార్డు ఉన్నా ఇటువంటి చోట్ల సాధారణంగా చెల్లదు. ఇంకో సీసాను వేరే ప్రయోగశాలకు పంపమని కోరే హక్కు ఉందని డాక్టర్ మర్యాదగానే చెప్పారు, కానీ పదార్థం నిజంగానే ఒంట్లో ఉన్నప్పుడు రెండో సీసా చెప్పేదీ అదే. నివేదిక కళాశాలకు వెళ్లింది. ఆమె రొటేషన్ మూడు వారాలు వెనక్కు జరిగింది.

ఇక్కడే ఈ సేవ మీద నా మొదటి ఫిర్యాదు. పరీక్షకు ముందు సంస్థ పంపిన మెయిల్‌లో కేంద్రం చిరునామా ఉంది, చెల్లింపు లంకె ఉంది, కారు ఎక్కడ నిలపాలో కూడా ఉంది. సీబీడీ గురించి, హెంప్ ఉత్పత్తుల గురించి ఒక్క వాక్యం లేదు. డబ్బు తీసుకొని, విద్యార్థి చదువును ఆపగల నివేదిక ఇచ్చే సంస్థకు ఈ బాధ్యత లేదనడం నేను ఒప్పుకోలేను.

రెండో ఫిర్యాదు విదేశీ విద్యార్థుల విషయంలో. అమెరికా వలస చట్టంలో గంజాయి ఇప్పటికీ నియంత్రిత పదార్థమే, అది కొన్న రాష్ట్రంలో చట్టబద్ధమా కాదా అన్నది ఆ చట్టానికి అక్కర లేదు. శిక్ష పడకపోయినా, నేరానికి సరిపోయే విషయాలను తానుగా అధికారి ముందు ఒప్పుకోవడమే ప్రవేశం నిరాకరించడానికి కారణం కావచ్చు. స్వంత వాడకానికి 30 గ్రాముల లోపు గంజాయి కలిగి ఉన్న ఒక్క కేసుకు దేశం నుంచి పంపేసే నిబంధనలో మినహాయింపు ఉంది గానీ, తిరిగి వచ్చేటప్పుడు ప్రవేశం దగ్గర ఆ మినహాయింపు కాపాడదు. 2019లో పౌరసత్వ విభాగం విడుదల చేసిన మార్గదర్శకం కూడా రాష్ట్ర చట్టం రక్షణ ఇవ్వదని తేల్చిచెప్పింది. రివ్యూ డాక్టర్‌తో ఫోన్‌లో మాట్లాడటం అధికారి ముందు ఒప్పుకోవడం కాదు. అయినా ఆ రోజు మా గదిలోని అమ్మాయికి ఆ తేడా తెలియదు, భయంతో అడగనివన్నీ చెప్పింది. వీసా మీద ఉన్నవారు ఏదైనా రాతపూర్వకంగా ఇచ్చే ముందు విశ్వవిద్యాలయపు విదేశీ విద్యార్థుల కార్యాలయాన్ని, వీలైతే వలస న్యాయవాదిని సంప్రదించాలన్న ఒక్క సూచన ఆ మెయిల్‌లో ఉండి ఉంటే ఎంతో మేలు జరిగేది. మన దేశంలో భంగు తాగడాన్ని హోలీ సరదాగా చూడటం అలవాటైనవారికి ఇది మరీ ముఖ్యం. 1985 నాటి మన మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) ఇచ్చిన గంజాయి నిర్వచనంలో, భంగు చేసే విడి ఆకు లేదు. ఇక్కడి మూత్రపరీక్షకు ఆకు, పువ్వు అన్న తేడా తెలియదు.

ఈ పరీక్ష ఏం చెబుతుంది, ఏం చెప్పదు అన్నది నాకు పూర్తిగా అర్థమైంది విద్యార్థుల వల్ల కాదు, ఒక కుక్క వల్ల. ఎమర్జెన్సీలో నా రెండో వారంలో, ఏడాదిన్నర వయసున్న లాబ్రడార్‌ను రాత్రి పదకొండుకు తెచ్చారు. నిలబడితే తూలుతోంది, ముఖం దగ్గరకు చేయి పోతే ఉలిక్కిపడుతోంది, మూత్రం చుక్కలు చుక్కలుగా కారుతోంది, గుండె నెమ్మదిగా కొట్టుకుంటోంది, ఒళ్లు చల్లబడింది. గంజాయి తిన్న కుక్క ఎలా ఉంటుందో పుస్తకంలో చదివినట్టే ఉంది. మందుల దుకాణంలో దొరికే మనుషుల మూత్రపరీక్ష పట్టీతో చూస్తే నెగటివ్ వచ్చింది. నాతో ఉన్న సీనియర్ వైద్యురాలు ఆ పట్టీని పక్కన పెట్టి, యజమాని పక్కన కూర్చొని, మేము పోలీసులం కాదు, ఏం తిన్నదో తెలిస్తే కుక్కకు విషమయ్యే చాక్లెట్ కూడా తిన్నదేమో చూసుకోవాలి అని నెమ్మదిగా అడిగితే, బల్ల మీద పెట్టిన గంజాయి బ్రౌనీలు కనిపించడం లేదని చెప్పాడు. కుక్క శరీరం టీహెచ్‌సీని మనలా కాకుండా ఎక్కువగా వేరే రూపంలోకి మారుస్తుంది, మనుషుల కోసం చేసిన పట్టీ ఆ రూపాన్ని సరిగా పట్టుకోలేదు. అందుకే పశువైద్యంలో ఆ పట్టీ నెగటివ్ అంటే మేము నమ్మం, జంతువును చూస్తాం, యజమానిని అడుగుతాం.

విద్యార్థి దగ్గరకు వచ్చేసరికి ఇదే తలకిందులైంది. మూత్రంలో ఉన్న కార్బాక్సీ టీహెచ్‌సీకి మత్తు కలిగించే గుణం లేదు. అది గతంలో ఎప్పుడో తీసుకున్నదానికి గుర్తు మాత్రమే. ఆ పూట ఆ మనిషి కుక్క కడుపు కోయగల స్థితిలో ఉందా లేదా అన్నది దానివల్ల తెలియదు. మా గదిలోని అమ్మాయి నమూనా ఇచ్చిన రోజున మత్తులో లేదు, నాకు తెలిసి ఎన్నడూ లేదు. ఆమెకు నిద్ర లేదు. రెండు నెలలుగా నిద్ర లేని విద్యార్థి రాత్రిపూట మత్తు మందుల లెక్కలు కట్టడమే రోగికి అసలు ప్రమాదం, దాన్ని ఏ పట్టీ కొలవదు, కళాశాలలో ఎవరూ అడగలేదు. మత్తులో ఎవరూ ఆపరేషన్ గదిలోకి రాకూడదనడంలో నాకు రెండో ఆలోచన లేదు. రొటేషన్‌లో ఉండగా గంజాయి తీసుకోవడాన్ని నేను సమర్థించను. కానీ నివేదిక మీద సంస్థ ముద్రించే ‘క్లినికల్ విధులకు అర్హత’ అన్న మాట ఈ పరీక్ష ఇవ్వగల దానికన్నా చాలా ఎక్కువ చెబుతోంది.

పది రకాల పట్టికను చూస్తే ఈ మాట ఇంకా బలహీనపడుతుంది. గంజాయి, కొకైన్, యాంఫెటమిన్లు, ఓపియేట్లు, పీసీపీ, బార్బిట్యురేట్లు, బెంజోడయాజెపిన్లు, మెథడోన్ వగైరా అందులో ఉన్నాయి. పశువైద్య ఆసుపత్రి తాళం బీరువాలో ఉండేవి వేరే. కెటమిన్ అనే మత్తుమందును 1999 నుంచి ఇక్కడ మూడో షెడ్యూలులో పెట్టారు, దాదాపు ప్రతి శస్త్రచికిత్సలోనూ మేము దాన్ని చేత్తో పడతాం. నొప్పి తగ్గించే బ్యూటార్ఫనాల్ నాలుగో షెడ్యూలు. బ్యూప్రినార్ఫిన్, ఫెంటనిల్ రోజూ వాడకంలో ఉంటాయి. ఫెంటనిల్ కృత్రిమ పదార్థం కాబట్టి, మార్ఫిన్ కోసం తయారైన ఓపియేట్ పరీక్షలో మామూలుగా దొరకదు. నేను కట్టిన 52 డాలర్ల పట్టికలో కెటమిన్ లేదు, బ్యూటార్ఫనాల్ లేదు, ఫెంటనిల్ లేదు. పశువైద్యుల్లో మందుల దుర్వినియోగం అన్నప్పుడు మొదట భయపడవలసింది చేతికి అందే ఈ మందుల గురించే. బీరువాకు రెండు తాళాలు, వాడిన ప్రతి మిల్లీలీటరుకు పుస్తకంలో రెండు సంతకాలు, తగ్గినప్పుడు ఫెడరల్ మాదకద్రవ్యాల నియంత్రణ విభాగమైన డీఈఏకు నివేదిక అనే కట్టుబాట్లు వాటిని కాపాడుతున్నాయి తప్ప, ఈ మూత్రపరీక్ష కాదు. పశువైద్య కళాశాలలతో ఒప్పందం చేసుకునే సంస్థ కనీసం పట్టికనైనా పశువైద్యానికి తగినట్టు మార్చి ఇవ్వాలి. ఆసుపత్రులకూ గోదాములకూ ఇచ్చే పట్టికనే మాకూ ఇచ్చారు.

గసగసాల సంగతి విడిగా చెప్పాలి. నా పరీక్షకు ముందు ఆదివారం ఒక తెలుగువారింట్లో గసగసాలు నూరి వేసిన కోడికూర తిన్నాను, ఆలుగడ్డ కూరలోనూ అవే. గసగసాల మీద మార్ఫిన్ అవశేషం ఉంటుంది, అది మూత్రంలో ఒకటి రెండు రోజులు కనిపిస్తుంది. ఈ కారణంగానే ఫెడరల్ పరీక్షల్లో ఓపియేట్ కటాఫ్‌ను 1998లో 300 నుంచి 2000 నానోగ్రాములకు పెంచారు. 2023 ఫిబ్రవరిలో అమెరికా రక్షణ శాఖ తన సైనికులను గసగసాలు తినవద్దని హెచ్చరించింది. ప్రైవేటు పట్టికల్లో ఇంకా పాత 300 కటాఫ్ వాడేవి ఉన్నాయి. ఈ సంస్థది ఏదో తెలుసుకుందామని ఫోన్ చేస్తే, ఎత్తిన వ్యక్తికి గసగసాలకూ పరీక్షకూ సంబంధం ఉందన్న సంగతే తెలియదు. నేను అపాయింట్‌మెంటు మూడు రోజులు వెనక్కు జరుపుకున్నాను. మార్పుకు అదనపు రుసుము తీసుకోలేదు, అది మెచ్చుకోదగ్గ విషయం.

ఇంట్లో చూసుకునే పట్టీల గురించి కూడా కొంచెం. మా గదిలోని అమ్మాయి రెండోసారి నమూనా ఇచ్చే ముందు మందుల దుకాణంలో డాలరు చొప్పున కొన్ని టీహెచ్‌సీ పట్టీలు తెచ్చుకుంది. గర్భ పరీక్షలో రెండు గీతలు వస్తే పాజిటివ్. ఇందులో రెండు గీతలు వస్తే నెగటివ్, రెండో గీత ఎంత పలచగా ఉన్నా సరే. ఇది తెలియక మొదటి రోజు పలచటి గీత చూసి మళ్లీ ఏడ్చింది. కటాఫ్ 50 అని రాసి ఉన్న పట్టీనే కొనాలి, 20 వాటితో అనవసరపు కంగారు. అతిగా నీళ్లు తాగి వెళ్తే క్రియాటినిన్, సాంద్రత తగ్గి నమూనా ‘పలచన’ అని వస్తుంది, మళ్లీ రమ్మంటారు. పరీక్షను తప్పించుకోవడానికంటూ అమ్మే పానీయాల జోలికి, కృత్రిమ మూత్రం జోలికి పోవద్దు. పలు రాష్ట్రాల్లో అది నేరం, చేసిన తప్పుకన్నా అబద్ధం పెద్ద శిక్ష తెస్తుంది.

గమ్మీలు మానేసిన 25వ రోజున ఆమె అదే కేంద్రంలో రెండో నమూనా ఇచ్చింది. నెగటివ్ వచ్చింది. ఈలోగా విశ్వవిద్యాలయ ఆరోగ్య కేంద్రంలో నిద్ర గురించి చూపించుకోమని నేనే తోడు వెళ్లాను. రాత్రి డ్యూటీలను వరుసగా కాకుండా విడివిడిగా వేయడానికి సీనియర్ వైద్యురాలు ఒప్పుకుంది. ఇప్పుడు ఆమె పెద్ద జంతువుల రొటేషన్‌లో ఉంది, తెల్లవారుజామున ఆవుల దగ్గరకు వెళ్తోంది, రాత్రి తొమ్మిదికల్లా పడుకుంటోంది.

సేకరణ, ప్రయోగశాల, గోప్యత ఈ మూడింటికీ నేను పూర్తి మార్కులు ఇస్తాను. విద్యార్థికి ముందస్తు సమాచారం ఇవ్వడంలో సున్నా. మొత్తం మీద 5కు 3. కళాశాల ఈ సంస్థనే నిర్ణయించి ఉంటే భయపడకుండా వెళ్లండి, చివరి నెలలో తిన్నవి, రాసుకున్నవి, మింగినవి అన్నీ లేబుల్ చదివి చూసుకొని వెళ్లండి, డాక్టర్ రాసిన మందులుంటే చీటీ దగ్గర ఉంచుకోండి. సీబీడీ, గసగసాలు, వీసా ఈ మూడు విషయాల మీద అర పేజీ సూచనలు తయారుచేసి, వాటిని మెయిల్‌కు జతచేయమని కోరుతూ సంస్థకు పంపాను. పై అధికారులకు అందజేశామని జవాబు వచ్చింది. గత వారం జూనియర్లకు వెళ్లిన మెయిల్ చూశాను, అందులో ఇంకా చేరలేదు. చేరిన రోజున ఈ సమీక్షలోని మార్కులు మారుస్తాను.